తోడు పెళ్లికొడుకు తాళి కట్టిన దసరా

మా జిల్లాలో వానలకు కరువొచ్చినా సలహాలకు ఎప్పుడూ రాలేదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు ఒక్కసారిగా ఎండిపోయి, బీటెక్‌లూ ఎం.సి.ఎ.లూ చదివిన పిల్లలు ఇళ్లలో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నప్పుడు ఆ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది. కిరాణా కొట్టాయన వాళ్లను జావా నేర్చుకొమ్మనేవాడు. బస్సు కండక్టరు జావా పనైపోయింది, డాట్‌నెట్ చెయ్యమనేవాడు. పెళ్లి భోజనాల్లో పక్క విస్తరి పెద్దమనిషి రెండూ వద్దు, ముందు బెంగళూరు పొమ్మనేవాడు. ఇవన్నీ విన్న తర్వాత ఆదివారం పొద్దున ఖమ్మంలో మా ఇంటి వరండాలోకి వచ్చి, నా దగ్గరా ఒక సలహా పట్టుకుని పోయేవాళ్లు.

సలహా చెప్పడానికి నాకున్న అర్హత ఒక్కటే, నాకు ఉద్యోగం ఉంది. పెళ్లికి ముందు హైదరాబాదులో కొన్నాళ్లు డేటాబేసులు చూసే పని చేశాను. మా ఆయనకు ఖమ్మం కాలేజీలో లెక్చరరు పోస్టు వచ్చాక, ఇక్కడే ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే పనిలో చేరాను. ఊళ్లో నా పేరు ఎవరికీ గుర్తుండేది కాదు, అందరికీ కంప్యూటర్ మేడాన్నే. మా పుట్టిల్లు తల్లాడ కనుక ఆ చుట్టుపక్కల చుట్టరికాలన్నీ ప్లాస్టిక్ ఫోల్డర్లు పట్టుకుని వచ్చేవి.

ఆ ఫోల్డర్లలోని రెజ్యూమేలన్నీ బస్టాండు దగ్గర ఒకే నెట్ సెంటర్లో పుట్టినవి. కన్నతల్లి ఒకతే కనుక పోలికలూ ఒకటే. అందరి ఆశయం ఒకటే, అందరి హాబీలూ పుస్తకాలు చదవడం, పాటలు వినడం. ఒకబ్బాయి రెజ్యూమేలో తండ్రి పేరు కూడా అంతకు ముందు వచ్చినవాడిదే ఉంది, మార్చడం మరిచిపోయారు. కుసుమంచి నుంచి వచ్చిన మరొకడికి మూతి మీద మీసం సరిగా రాలేదు గానీ అయిదేళ్ల అనుభవం ఉంది. హైదరాబాదులో ఎవరో రాసిచ్చారట. "స్కూలుకు పోకుండా డేటాబేసులు కాశావా నాయనా" అని అడిగితే సిగ్గుపడి, "అందరు పెట్టుకుంటున్నరక్కా" అన్నాడు.

నేను దొంగ అనుభవం మాత్రం వద్దనేదాన్ని. మిగతా విషయాల్లో నా సలహాలు అంత గంగాజలమేమీ కాదు. అడిగిన దానికే జవాబు చెప్పండి, అడగనిది నోరు జారకండి, తెలియదు అనకండి, అలాంటిదే ఇంకొకటి చేశానని చెప్పండి అనేదాన్ని. నీ బలహీనత ఏమిటని అడిగితే, పనిలో పడితే అన్నం సంగతి గుర్తుండదు సార్ అని చెప్పమనేదాన్ని. ఆ చివరి వాక్యం నేనే కనిపెట్టాను. దాని మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఇక మా కంపెనీ సంగతి. రైతులూ వ్యాపారులూ పెట్టిపోయిన మిర్చి సంచులు ఏ గదిలో, ఏ వరసలో ఉన్నాయో, ఎవరు ఎన్ని తీసుకుపోయారో, అంతా ఖమ్మం ఆఫీసులోని ఒక పెద్ద కంప్యూటరులో ఉండేది. అది కాలిపోతే ఎవరి మిర్చి ఎవరిదో చెప్పడానికి దేవుడు దిగి రావాలి. ఆడిటరు గారు ఈ మాటే చెప్పి, అచ్చం ఇలాంటిదే ఇంకొకటి దూరంగా వేరే ఊళ్లో పెట్టమన్నారు. మా ఓనరు గారు ఆలోచించి భద్రాచలం అన్నారు. గోదారి వరదలొచ్చే ఊరు కదా సార్ అన్నాను. "మన బ్రాంచి మేడ మీద ఉంది, గోదారి మెట్లెక్కదు. అయినా రాముడున్న ఊరు, ఆయన చూసుకోడా" అన్నారు. దేవుడు దిగిరావడం కన్నా దేవుడున్న చోటికే మిషన్ పంపడం తేలిక అనుకున్నారు కాబోలు.

అలా భద్రాచలంలో స్టాండ్‌బై పెట్టాం. అదేమిటో ఓనరు గారికి చెప్పడానికి నాకు పెళ్లి గుర్తొచ్చింది. పెళ్లికొడుకు పక్కన తోడు పెళ్లికొడుకు ఉంటాడు. అతనికీ స్నానం చేయిస్తారు, కొత్త బట్టలు పెడతారు, బుగ్గన చుక్క పెడతారు. అన్నీ చేస్తారు గానీ తాళి మాత్రం కట్టనివ్వరు. ఖమ్మం మిషన్ తాను చేసిన ప్రతి పనినీ లాగ్ ఫైళ్లనే చిట్టాల్లో రాస్తుంది. ఆ ఫైళ్లు టెలిఫోను లైను మీద భద్రాచలం పోతాయి. అక్కడి మిషన్ వాటిని వరసగా తీసుకుని, అవే పనులు తన లోపలా చేసుకుంటూ, తలుపు మూసుకుని కూర్చుంటుంది. ఖమ్మం మిషన్ పూర్తిగా పోయిన రోజునే ఆ తలుపు తెరవాలి. ఒక్కసారి తెరిచి సొంతంగా నడిపితే దాని దారి దానిదే, ఆ తర్వాత ఖమ్మం ఫైళ్లు దానికి ఒంటబట్టవు. తలుపు ఎప్పుడు తెరవాలో, ఎలా తెరవాలో ఒక కాగితం మీద రాసి మిషన్ వెనక గోడకు అంటించాను. "ఖమ్మం మిషన్ పోతేనే" అన్న మాట ఎర్ర సిరాతో రాశాను.

అక్కడి మేనేజరు పెద్దాయన. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి, దేవుడి పని అయితే చెప్పనిది కూడా చేసే మనిషి. శనివారం శనివారం గుడికి పోయి వచ్చాకే ఆఫీసు తాళం తీసేవాడు. కంప్యూటరును మాత్రం ముట్టేవాడు కాదు, దూరం నుంచే చూసేవాడు. రోజూ పొద్దున నేను ఫోన్ చేసి ఫైళ్లు వచ్చాయా అని అడిగేదాన్ని. పక్కవాళ్లతో లెక్కపెట్టించి, "అన్ని వచ్చినయ్ మేడం, ఒక్కటి తప్పలే" అనేవాడు. ఆయన చెప్పిన ప్రతిసారీ అది నిజమే.

ఆ పక్కవాళ్లంటే ఒక అమ్మాయి. దుమ్ముగూడెం వైపు ఊళ్లో వాళ్ల నాన్న బడిలో లెక్కలు చెప్తాడు, ఆదివారం అక్కడి చిన్న చర్చిలో వాక్యం చెప్తాడు. ఎం.సి.ఎ. అయిపోయి, భద్రాచలంలో మేనమామ ఇంట్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటోంది. ఆ ఇల్లు మా బ్రాంచి పక్కదే. ఇంట్లో కంప్యూటర్ లేదని మా ఆఫీసులో కూర్చుని నేర్చుకోవడానికి మేనేజరు గారు ఒప్పుకున్నాడు. నేను ఆ ఊరు వెళ్లినప్పుడల్లా నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. చాలామంది నేనేం చెప్తే అది రాసుకునేవాళ్లు, ఈ పిల్ల ఎదురు అడిగేది.

"మీ ఇంటర్వ్యూల మీరేం చెప్పిండ్రు మేడం?" అంది ఒకసారి.

నేను నసిగాను. నన్ను ఈ కంపెనీలో తీసుకున్న రోజు అకౌంటెంటు గారు అడిగింది ఒక్కటే, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం తీయగలవా అని. తీశాను, ఉద్యోగం ఇచ్చారు. ఆ మాట పిల్లలకు చెప్తే నా వరండా గౌరవం ఏం కావాలి?

ఆ అమ్మాయికి వాళ్ల నాన్న పెట్టిన గడువు వచ్చే జూన్. బడులు తెరిచేలోగా కంప్యూటర్ ఉద్యోగం రాకపోతే తాను పనిచేసే మిషనరీ బడిలోనే చిన్నపిల్లలకు పాఠాలు చెప్పాలి. ఆ పోస్టు ఆయన అడిగి మరీ ఆపించి పెట్టాడు. "బడి మంచిదే మేడం, నాకు బడంటె ఇష్టం లేక కాదు. గని ఒక్కసారి పోయిన్నంటె ఇగ ఇటు రాను, నాకు తెల్సు" అంది. సరిగ్గా అప్పుడే మా ఓనరు గారు నాకు సాయంగా ఒకరిని తీసుకుందామన్నారు. మిర్చి సీజను మొదలయ్యే ముందు ఇంటర్వ్యూలు పెడతామన్నారు. ఆ ఉద్యోగం ఈ పిల్లకు రావాలని నేను మనసులో గట్టిగా అనుకున్నాను. మిగతావాళ్లకు చెప్పిన సలహాలే ఈమెకూ చెప్పాను, కాస్త ఎక్కువ ఓపికతో.

చలికాలం మధ్యలో ఒక పొద్దున ఖమ్మం మిషన్ మొరాయించింది. ఫైళ్లు పంపుతుంటే భద్రాచలంలో డిస్కు నిండిపోయిందని తిప్పి కొడుతోంది. నాకు అర్థం కాలేదు. వచ్చిన ఫైలును అక్కడి మిషన్ వాడుకున్నాక చెరిపేసేలా నేనే ఏర్పాటు చేశాను. చెరిపేస్తుంటే డిస్కు ఎలా నిండుతుంది? వాడుకోకపోతే తప్ప. మేనేజరుకు ఫోన్ చేస్తే, "అన్ని వచ్చినయ్ మేడం, కుప్పలు కుప్పలు వచ్చినయ్" అన్నాడు సంతోషంగా.

విస్తట్లో వడ్డించినవి లెక్కపెట్టుకుంటూ వచ్చామే గానీ తిన్నారా లేదా అని ఎవరం చూడలేదు.

కొత్తగూడెం, పాల్వంచ మీదుగా బస్సులో వెళ్లాను. దారంతా అడవి పచ్చగా, ప్రశాంతంగా ఉంది, నేను తప్ప. బ్రాంచికి వెళ్లి మిషన్ ముందు కూర్చుని, దాని స్థితి ఏమిటో అడిగి చూశాను. తెరిచి ఉంది అని చెప్పింది. మళ్లీ అడిగాను. తెరిచే ఉంది. దసరా రోజు నుంచి ఒక్క ఫైలు కూడా లోపలికి తీసుకోలేదు. అంటే ఆ రెండు మూడు నెలల్లో ఖమ్మంలో ఏదైనా అయి ఉంటే మా చేతిలో చిప్ప మిగిలేది.

"మేనేజరు గారూ, దీన్ని ఎవరు తెరిచారు?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. కింద అంగట్లో చింతపండు అమ్ముకుంటూ తమ భాషలో మాట్లాడుకుంటున్న కోయ ఆడవాళ్లు కూడా తలెత్తి చూశారు.

ఆయన ఏమాత్రం తడబడలేదు. "దసరాకు తెరిచినం మేడం. పూజకు."

"పూజకా?"

"అవ్. ఆయుధ పూజ చెయ్యొద్దా? కాటాకు చేసినం, జీపుకు చేసినం, టైపు మిషనుకు చేసినం. జీపుకు బొట్టు పెట్టి ఊకుంటమా, నిమ్మకాయలు తొక్కిచ్చి నాలుగడుగులన్న నడిపిస్తం. పని చెయ్యని ఆయుధానికి పూజేంది మేడం? దీన్ని మూసి పెట్టి బొట్టు పెడితె గోడకు పెట్టినట్టే. అందుకని ఒక్క నిమిషం తెరిచి, శ్రీరామ అని ఒక ఎంట్రీ కొట్టిచ్చి, కొబ్బరికాయ కొట్టి, మళ్ల గట్లనే మూసినం. కాయ గూడ మంచిగ పగిలింది."

"గోడ మీద ఎర్రగా రాశాను కదండీ, ఖమ్మం మిషన్ పోతేనే తెరవాలని."

"చదివినం మేడం. అది మామూలు రోజుల కోసం రాసిండ్రేమో అనుకున్న. పండుగ సంగతి అండ్ల రాయలే గద."

నిజమే, రాయలేదు. ఆడిటరు గారు చెప్పిన అగ్నిప్రమాదం గురించి ఆలోచించాను, ఓనరు గారు నమ్మిన వరద గురించి ఆలోచించాను. తోడు పెళ్లికొడుకును పీటల మీద కూర్చోబెట్టి, మంచి ముహూర్తం చూసి, దగ్గరుండి తాళి కట్టిస్తారని ఆలోచించలేదు. కోపంలోనే నవ్వు కూడా వచ్చింది. నవ్వితే ఆయన మళ్లీ దసరాకు ఇదే చేస్తాడని పళ్లు బిగబట్టుకున్నాను.

అప్పటిదాకా మూల కుర్చీలో కూర్చున్న అమ్మాయి లేచి వచ్చింది.

"మేడం, కొట్టింది నేను. అంకుల్ కాయితం చదివిండు, నేను టైప్ చేసిన. మళ్ల మూసేస్తె ఏం గాదనుకున్న. మూసినా లోపల అది తెరిచినట్టే ఉంటదని తెల్వదు."

పూజ చేసింది రామభక్తుడు, తెరిచింది పాస్టరు గారి కూతురు. మతసామరస్యానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మా జిల్లాలో దొరకదు గానీ, నాకు మాత్రం ఆమె ఉద్యోగం గుర్తొచ్చింది. ఈ సంగతి ఓనరు గారికి తెలిస్తే ఇంటర్వ్యూ దాకా ఎందుకు, గేటు దాకా కూడా రానివ్వరు.

మేనేజరు గారికీ అదే తట్టింది. నేను ఇంకా ఆలోచిస్తుండగానే ఫోన్ తీసి ఓనరు గారితో మాట్లాడాడు. "నేనే నొక్కిన సార్. తప్పు నాదే." అవతల ఓనరు గారి గొంతు నాకూ వినపడుతోంది. కీబోర్డు ముట్టని మనిషివి నువ్వు ఎలా నొక్కావని అరుస్తున్నారు. "రాముని దయ సార్, అట్ల పడిపోయింది" అన్నాడు ఈయన. సీజను మొదలు కాగానే తల్లాడ గోదాముకు పొమ్మన్నారు ఆయన. ఫోన్ పెట్టేశాక మేనేజరు గారు చాలాసేపు కిటికీలోంచి గుడి వైపు చూస్తూ నిలబడ్డాడు. నా పుట్టింటి ఊరు ఒకరికి శిక్ష అవుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"బిడ్డా, నువ్వు నోరు తెరవకు. నాకేంది, ఇంకెన్నేండ్లు చేస్త" అన్నాడు ఆమెతో. నేనూ అదే అన్నాను. ఇంటర్వ్యూలో ఈ మాట ఎత్తకు, నువ్వు చేరాక మేనేజరు గారి సంగతి నేను నెమ్మదిగా చెప్పి సర్దుతా అన్నాను. ఆ పిల్ల తల ఊపలేదు, కాదనలేదు. "దీన్ని బాగు చేసేటప్పుడు నన్ను పక్కన కూసోనియ్యిండ్రి మేడం" అంది.

బాగు చెయ్యడమంటే మళ్లీ మొదటి నుంచి పెట్టడమే. ఖమ్మం డేటాబేసు మొత్తం ఆ లైను మీద పంపితే వచ్చే దసరాకు చేరుతుంది. అందుకని వెనక్కి వచ్చి, నకలు హార్డ్ డిస్కు మీదికి ఎక్కించి, పాత చున్నీలో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. గుంత వచ్చినప్పుడల్లా పైకి ఎత్తి పట్టుకున్నాను. పక్క సీటు ముసలమ్మ చాలాసేపు చూసి, "పానం బాగలేదా బిడ్డకు?" అని అడిగింది. అవునన్నాను. భద్రాచలం దవాఖానాలో మంచి డాక్టరున్నాడని చెప్పింది. ఆవిడ దగ్గరా ఒక సలహా ఉంది.

నకలు ఎక్కించాం. ఈసారి తలుపు మూసే ఉంచి, నకలు తీసిన దగ్గర నుంచి వచ్చిన ఫైళ్లను ఒక్కొక్కటే వరసగా ఇచ్చాం. సగం దూరం పోయి మిషన్ ఆగింది. ఫలానా ఫైలు సరిగా లేదు, ఇక కదలను అంది. ఆ ఫైలు అక్కడే ఉంది, పేరు సరిగానే ఉంది. నేను సెట్టింగులన్నీ తిరగేస్తూ, ఎవరో ఒకరి మీద విసుక్కోవాలని మేనేజరు గారి అగరబత్తి పొగ మీద విసుక్కుంటున్నాను. ఆ పిల్ల ఖమ్మం ఆఫీసుకు ఫోన్ చేసి, అక్కడ ఆ ఫైలు ఎంత ఉందో అడిగింది.

"మేడం, ఇది ఆడ పెద్దగున్నది, మన దగ్గర చిన్నగున్నది. లైను నడిమిట్ల కట్ అయినట్టుంది."

సగం వచ్చిన ఫైలును కూడా వచ్చినట్టే లెక్కపెట్టుకున్నాం. దాన్ని మళ్లీ తెప్పించి ఇస్తే మిషన్ గుటుక్కున మింగి ముందుకు పోయింది. ఆ తర్వాత వచ్చిన ఫైలును ఖమ్మం ఫైలుతో సరిపోల్చేలా, ఏ ఫైలు దాకా లోపలికి తీసుకుందో రోజూ నాకు చెప్పేలా ఏర్పాటు మార్చాం. ఆ మార్పులో సగం రాసింది ఆ అమ్మాయే. గోడ మీద కాగితంలో కూడా ఒక వాక్యం చేర్చాను, పండుగలకు తెరవరాదు అని. మేనేజరు గారు చదివి, "ఇప్పుడు సక్కగున్నది" అన్నాడు.

ఇంటర్వ్యూ రోజున ఓనరు గారూ, అకౌంటెంటు గారూ, నేనూ కూర్చున్నాం. బయట బెంచీల మీద ఉన్నవాళ్లలో సగం మంది మా వరండా సరుకే. ఓనరు గారికి కంప్యూటర్ల గురించి తెలియదు కనుక ఏదో పుస్తకంలో చూసిన ప్రశ్న ఒకటి పట్టుకొచ్చారు, నీ బలహీనత ఏమిటి అని. మొదటి అబ్బాయి నిటారుగా కూర్చుని, "పనిల పడితె అన్నం సంగతి గుర్తుండదు సార్" అన్నాడు. ఓనరు గారు మెచ్చుకోలుగా తల ఊపారు. రెండోవాడికీ అన్నం గుర్తుండదు. మూడో అమ్మాయికి టిఫిన్ కూడా గుర్తుండదు. ఓనరు గారు నా వైపు తిరిగి, "ఏంది మేడం, మన జిల్ల పిల్లలకు ఒక్కరికి గూడ ఆకలి గాదా?" అన్నారు. నేను ఫైల్లో తల దూర్చాను.

దుమ్ముగూడెం అమ్మాయి వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. నేను రాసిన పరీక్షలకు కూడా అంత భయపడలేదు. నేను అడిగిన వాటికి చక్కగా చెప్పింది. తెలియనివి రెండు వస్తే తెలియదనే చెప్పింది, నా సలహా గాలికి పోయింది. బలహీనత అడిగితే కొంచెం ఆలోచించి, "ఎందుకు చెయ్యొద్దో చెప్పకుండ ఒద్దంటె, చేసి చూడాలనిపిస్తది సార్" అంది. అకౌంటెంటు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఓనరు గారు రెజ్యూమే తిరగేస్తూ, "భద్రాచలంల మన బ్రాంచి పక్కనే ఉంటవా? అయితె ఒకటి చెప్పు. మా మేనేజరు ఆ మిషన్ ఎట్ల తెరిచిండు? నాకు ఇప్పటికి సమజ్ గాలేదు. మౌసు చూస్తె ఎలుకను చూసినట్టు జరుగుతడు ఆయన" అన్నారు.

నేను బల్ల కింద నుంచి ఆమె కాలు తొక్కుదామని చూశాను, అందలేదు.

"ఆయన తెరవలే సార్. నేను తెరిచిన. ఆయన కొబ్బరికాయ కొట్టిండు."

ఆ పిల్ల ఆగకుండా మొత్తం చెప్పింది. ఏ మాటలు టైపు చేసిందో, దానివల్ల ఏమైందో, ఎన్నాళ్లు ఎవరికీ తెలియలేదో, మళ్లీ ఎలా పెట్టామో, సగం ఫైలు ఎక్కడ ఆగిందో. "ఆయనను తల్లాడ పంపకుండ్రి సార్. పంపితె నన్ను పంపాలె, గని నేను మీ ఉద్యోగిని గాను" అంది.

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

"మీరు ఇయ్యాలనే అడిగిండ్రు సార్."

ఓనరు గారు నా వైపు ఒక చూపు చూశారు. ఆ చూపులో నా సంగతి కూడా ఆయనకు అర్థమైపోయిందని నాకు తెలిసింది. తర్వాత ఆమెను అడిగారు, మళ్లీ ఎవరైనా తెరవమంటే తెరుస్తావా అని. తెరవను, ఎందుకు తెరవకూడదో ఇప్పుడు తెలుసు అంది. సరే, బయట కూర్చోమన్నారు.

ఆమె వెళ్లాక ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "నాకు కంప్యూటర్ తెల్వదు. మిర్చి తెల్సు. బస్తా మూతికాడ అందరిది మంచి కాయనే ఉంటది. చెయ్యి అడుగు దాక పెట్టి తీస్తెనే తాలు ఎంతుందో తెలుస్తది. పొద్దటి సంది అందరు మూతికాడ కాయ చూపిచ్చి పోయిండ్రు. ఈ పిల్ల బస్తా బోర్లించి పోసింది." కాస్త ఆగి, "ఈ పిల్లను తీసుకోండ్రి. ముసలాయన కూడ ఆడ్నే ఉండనీ" అన్నారు. అకౌంటెంటు గారు ఏదో అనబోయారు గానీ, ఓనరు గారు అప్పటికే టీ చెప్పారు.

వాళ్ల నాన్న కూడా ఆమెతో వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా, గేటు దగ్గర కాటా పక్కన రేకుల షెడ్డు కింద పొద్దున నుంచీ కూర్చున్నాడు. తెల్లచొక్కా, చేతిసంచీ. సంగతి నేనే చెప్పాలని పరుగులాంటి నడకతో వెళ్లాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"వచ్చే నెల నుంచి రమ్మన్నారండీ."

ఆయన కళ్లు మూసుకుని పెదవులు కదిపాడు. కళ్లు తెరిచాక చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ మాట రాలేదు గద మేడం?"

"ఏ మాటండీ?"

"అదే, మిషన్ తెరిచిన మాట. ఇంట్ల చెప్పిన, పొద్దుగాల బస్సుల గూడ చెప్పిన, అది మాత్రం తియ్యకు బిడ్డా అని."

ఉన్నదే చెప్పాను. "ఆ మాట చెప్పింది కాబట్టే ఇచ్చారండీ."

ఆయన మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు. నేనూ ఆ పక్కనే కూర్చున్నాను. ఒకే తప్పుకు బెంచీ ఎక్కిన ఇద్దరు పిల్లల్లాగా ఉన్నాం. అమ్మాయి ఆఫీసు మెట్లు దిగి, ఎండలో మిర్చి ఘాటుకు తుమ్ముతూ మా దగ్గరికి వచ్చింది. ముఖమంతా నవ్వే. తండ్రి ముఖం చూసి ఆ నవ్వు తగ్గించుకుంది.

"నేను చెప్పిన మాట ఎందుకు వినలే బిడ్డా?" అన్నాడాయన. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"ఇయ్యాల బస్సుల చెప్పింది వినలే నాన్నా. చిన్నప్పటి సంది ఆదివారం ఆదివారం చెప్పింది విన్న."

ఆయన కూతురి భుజం మీది సంచీ అందుకుని తన భుజానికి వేసుకున్నాడు. భద్రాచలం బస్సుకు వేళవుతోందని ఇద్దరూ గేటు దాటి వెళ్లారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చూసిన కాటా మనిషికి మాత్రం మిర్చి ఘాటని చెప్పాను.